ప్యారిస్‌లో అమ్మకి నచ్చింది ఆకుపచ్చ కుర్చీ

2025 మేలో అమ్మ, మా ఆయన, నేను ప్యారిస్ వెళ్ళొచ్చాం. ఈఫిల్ టవర్, పడవ షికారు సాఫీగా అయిపోయాయి. లూవ్ర్ మ్యూజియంకి అప్పట్లో తలా 22 యూరోలు తీసుకున్నారు. రద్దీ తప్ప ఇబ్బందేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది కూర్చునే చోట్ల గురించి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో తిరిగితే ఊరి సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఎయిర్‌పోర్ట్ నుంచి రైలుకి అప్పుడు మనిషికి 13 యూరోలు అయ్యింది. పొద్దున తొమ్మిదికల్లా హోటల్‌కి చేరాం. రాత్రికి 148 యూరోలు తీసుకునే ఆ చోట మధ్యాహ్నం మూడింటిదాకా గది ఇవ్వం అన్నారు. ముందే కావాలంటే ఇంకో 40 కట్టాలట. సరే, అమ్మని కాసేపు కూర్చోనివ్వండి అంటే రిసెప్షన్‌లో ఉన్నతను అక్కడి ఎత్తు స్టూళ్ళు చూపించాడు. వీపు ఆనదు, కాళ్ళు నేలకి అందవు. రాత్రంతా విమానంలో కూర్చుని పాదాలు వాచిపోయిన మనిషామె! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మా ఆయన గొడవకి దిగబోతే అమ్మే ఆపింది.

పక్క కెఫేలో కూర్చుంటే మూడు కాఫీలకి 15.60. సామాను హోటల్లోనే పెట్టి మెట్రోకి వెళ్తే, ప్లాట్‌ఫారం మీద బెంచీ ఉండాల్సిన చోట ఏటవాలు పట్టీ ఉంది. నడుము ఆనించి నిలబడాలంతే. ఎవరూ పడుకోకూడదని చాలా నగరాల్లో ఇలాంటివి పెడుతున్నారు. ముందు దెబ్బ తగిలేది ముసలివాళ్ళకి.

అక్కణ్ణుంచి ప్యారిస్‌లోనే ఉన్న లగ్జంబర్గ్ తోటకి చేరాం. టికెట్ లేదు. కొలను చుట్టూ, చెట్ల కింద వందల కొద్దీ ఆకుపచ్చ ఇనుప కుర్చీలు. ఏదీ నేలకి బిగించలేదు. ఎండలోకో నీడలోకో ఎవరికి వాళ్ళు లాక్కోవచ్చు. బెంచీ అయితే పక్కవాళ్ళతో సర్దుకోవాలి. ఇక్కడ మొహం ఎటు తిప్పుకోవాలో మన ఇష్టం. 1923 నాటి నమూనా ఇది. 1974 దాకా వీటికి అద్దె కట్టాల్సి వచ్చేదట, వసూలుకి ఆడవాళ్ళు తిరిగేవారట.

అమ్మ ముందు వెనక్కి వాలే పల్లపు కుర్చీలో కూర్చుంది గానీ లేవడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. చేతులున్న నిటారు కుర్చీ వేస్తే తనే రెండు చేతులూ ఆనించి లేచింది. ఇక దాన్ని వదల్లేదు. ఆ తోటలోనే ఉన్న మెడిసి ఫౌంటెన్ పక్కకి లాగించుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, విష్ణు సహస్రనామం. పక్కన పుస్తకాలతో కాలేజీ పిల్లలు. ఎవరూ ఎవరినీ పట్టించుకోలేదు. "మన ఊళ్ళో రచ్చబండ మీద ఇంత నిమ్మళంగా ఎవరు కూర్చోనిస్తారే? పలకరింపులకే సరిపోతుంది" అంది. "ఇంత ఖర్చు పెట్టి వచ్చి పార్కులో కూర్చుంటామా" అని సణిగిన మా ఆయన పల్లపు కుర్చీలో గంటసేపు నిద్రపోయారు.

హైదరాబాద్ పార్కుల్లో దాతల పేర్లు రాసిన సిమెంటు బెంచీలకి చేతులుండవు. మే ఎండకి కాలిపోతాయి, నీడలోకి జరపలేం. పెద్దవాళ్ళు తిరిగే చోట చేతులున్న కుర్చీలు ఓ పదైనా వేయాలని గట్టిగా అనిపించింది.

పెద్దవాళ్ళతో ప్యారిస్ వెళ్తే గది లగ్జంబర్గ్ తోటకి నడిచే దూరంలోనే తీసుకోండి, రాత్రికి 20 యూరోలు ఎక్కువైనా సరే. నీళ్ళ సీసా కొనకండి, వీధుల్లో ఉండే వాలెస్ ఫౌంటెన్లలో తాగునీళ్ళు ఉచితం. తోటలో మెడిసి ఫౌంటెన్ పక్క నీడలో కుర్చీ కావాలంటే పొద్దున పదకొండులోపే వెళ్ళాలి, తర్వాత దొరకడం కష్టం.