అండర్‌స్కోర్ చాలా, తాళం వేయాలా?

గుంటూరు మిర్చి వ్యాపారుల లెక్కల కోసం బెజవాడలో కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న బిల్లింగ్ ప్యాకేజీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్ట) రాశాం. టిక్కీల (మిర్చి బస్తాల) బరువులో తరుగు తీసే ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మా సొంత వాడకానికి. "లోపలిది, ముట్టుకోవద్దు" అన్నట్టు పేరు ముందు అండర్‌స్కోర్ (_ గుర్తు) పెట్టాం. ఒక శుక్రవారం ఆ పేరు మార్చాం. సోమవారం పొద్దున్నే గుంటూరు నుంచి ఫోన్: "అన్నా, బిల్లులు రావట్లేదు!" అక్కడి కుర్రాడు దాన్నే పాత పేరుతో నేరుగా తన కోడ్‌లోకి తెచ్చుకున్నాడట, అంటే ఇంపోర్ట్ చేసుకున్నాడట. తిట్టడానికి నోరు రాలేదు. పైథాన్ వద్దనలేదు కదా.

పైథాన్‌లో అండర్‌స్కోర్ ఉత్త మర్యాద. ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో 'ఆల్' (__all__) అని, బయటికి ఇచ్చే పేర్ల జాబితా రాస్తే గట్టి కాపలా అనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. స్టార్ గుర్తుతో అన్నీ ఒకేసారి ఇంపోర్ట్ చేసినప్పుడే ఆ జాబితా లెక్కలోకి వస్తుంది. పేరు పెట్టి అడిగితే జాబితాలో లేనిదీ ఇచ్చేస్తుంది. అర్ధరాత్రి బగ్ వెతికేటప్పుడు మాత్రం ఈ ఉదారత్వమే ప్రాణం కాపాడుతుంది.

గో అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో ఈ మొహమాటం లేదు. పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో (క్యాపిటల్) మొదలైతే బయటికి, చిన్నదైతే ఆ ప్యాకేజీకే. పక్క ప్యాకేజీకి కావాలి, బయటివాళ్లకి వద్దు అంటే 'ఇంటర్నల్' అనే ఫోల్డర్‌లో పెడితే సరి. దాని పై ఫోల్డర్ పరిధిలోని కోడ్ తప్ప ఇంకెవరు ఇంపోర్ట్ చేసినా బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఆగిపోతుంది. 2015లో వచ్చిన గో 1.5 నుంచి ఈ నియమం అందరి కోడ్‌కీ వర్తిస్తోంది. నాకు బాగా నచ్చింది ఇదే: ఫోల్డర్ పేరు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది.

జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే నోడ్‌లో, ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ జేసన్ (package.json) ఫైల్‌లో 'ఎక్స్‌పోర్ట్స్' రాస్తే, అందులో లేని దారులన్నీ మూతపడతాయి. కొత్త ప్యాకేజీకి భేషుగ్గా ఉంటుంది. పాతదానికి తగిలిస్తే లోపలి ఫైళ్లు వాడుకుంటున్నవాళ్ల కోడ్ విరుగుతుంది కాబట్టి మేజర్ వెర్షన్ (వెర్షన్ నంబర్‌లో మొదటి భాగం) పెంచాల్సిందే. జావా భాషలో 2017 నాటి జావా 9 మాడ్యూళ్లదీ (ప్యాకేజీల గుంపులదీ) గట్టి తాళమే, కానీ మాలాంటి చిన్న టీమ్‌కి అంత హంగామా దేనికి?

వాడేవాళ్లు పక్క బల్లల మీదే ఉంటే అండర్‌స్కోర్ చాలు. కోడ్ కృష్ణ దాటి పోతోందంటే తాళమే మేలు. మూసినదాన్ని రేపు తెరవొచ్చు, తెరిచినదాన్ని మూస్తే ఫోన్లు మోగుతాయి.

మేం పైథాన్ వదల్లేదు. తరుగు ఫంక్షన్ వాళ్లకి నిజంగానే అవసరం కాబట్టి అండర్‌స్కోర్ తీసేసి బాహాటంగా ఇచ్చేశాం. పాత పేరుతో పిలిచినా పలుకుతుంది, కాకపోతే ఒక హెచ్చరిక చూపిస్తుంది.