కోఠిలో కొన్న టీడీఎస్ మీటర్: కొనొచ్చు, కానీ దేనికి?

టీడీఎస్ అంటే లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు వగైరా ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. హైదరాబాద్ కోఠిలో కొన్న ఈ మీటర్‌కి 5కి 4 స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది మీటర్ బాగాలేక కాదు, దాని డబ్బా మీద అచ్చేసిన రంగుల పట్టిక చూసి. 50 లోపు అయితే అమృతం, 300 దాటితే ఎరుపు, ఆ పైన ఇక తాగితే పోతారన్నట్టు ఉంటుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మాత్రం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు పర్వాలేదంటుంది, వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది. మరి 300కే ఎరుపెందుకంటే, నీళ్ళలోని లవణాల్ని వడగట్టే ఆర్వో మిషన్లు అమ్ముడుపోవాలి కదా!

వస్తువు మాత్రం సరదాగా ఉంది. గుజరాతీ గల్లీలో కాస్త బేరమాడితే రెండు మూడు వందల్లో వస్తుంది, "బ్యాటరీ కూడా లోపలే ఉంటదక్కా" అని షాపతను మూత తీసి చూపించి మరీ ఇచ్చాడు. కొనలో ఉన్న రెండు పిన్నులు నీళ్ళలో ముంచితే అంకె వస్తుంది. ఆ పిన్నుల మధ్య కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, దాన్నిబట్టి లవణాలు ఇంత కరిగి ఉండొచ్చని అంచనా కడుతుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. నమ్మకపోతే గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల చక్కెర కలిపి ముంచి చూడండి, అంకె దాదాపు కదలదు, ఎందుకంటే చక్కెర కరిగినా కరెంటుని మోయదు. అదే చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా ఎక్కడికో పోతుంది.

ఇక ఇంట్లో దొరికినవన్నీ కొలిచాం. మా నల్లా నీళ్ళు 200 చుట్టుపక్కల, బోరు 900 పైన, క్యాను నీళ్ళు 40 కూడా లేవు. ఏసీ పైపు నుంచి బకెట్లో పడే నీళ్ళు అన్నిటికంటే తక్కువ. కొబ్బరినీళ్ళకి అంకె వెయ్యి దాటి, పదితో గుణించుకోమనే గుర్తు మినుకుమినుకుమంది, అందులో పొటాషియం దండిగా ఉంటుంది మరి. అంటే ఆ డబ్బా మీది పట్టిక ప్రకారం కొబ్బరిబోండాం విషం, ఏసీ లోపలి దుమ్మూ బూజూ కడుక్కుని వచ్చిన నీళ్ళు అమృతం. మా అత్తమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు కూడా పెట్టి చూసింది. "అంకె అట్లనే ఉంది గదా, మరి గ్యాసు దండగేనా?" అంది. దండగ కాదు, కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, కానీ అవి బతికున్నాయో చచ్చాయో ఈ మీటర్‌కి కనబడదు. ఫ్లోరైడ్ కూడా అంతే. దాని పరిమితి లీటరుకు ఎంతో కాదు, 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూసిన వాళ్ళకి ఆ చిన్న అంకె విలువ తెలుసు. మొత్తం 300లో 3 ఫ్లోరైడే ఉన్నా మీటర్ 300 అనే చూపిస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌కి ఒక సేల్స్ అబ్బాయి వచ్చి ఇంకో డెమో చేశాడు, మీ ఇంటికీ వచ్చే ఉంటాడు. రెండు గ్లాసుల్లో కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే నల్లా నీళ్ళు గోధుమరంగులోకి తిరిగి మురికి తేలుతుంది, ఆర్వో నీళ్ళు తేటగా ఉంటాయి. "మేడమ్, మీరు రోజూ తాగేది ఇదే" అంటాడు. ఆ మురికి నీళ్ళది కాదు, ఇనుప కడ్డీ కరిగి పట్టిన తుప్పు. ఆర్వో నీళ్ళలో లవణాలు లేక కరెంటు పారదు కాబట్టి అక్కడ కడ్డీ కరగలేదు. అందులో ఇంత ఉప్పేసి మళ్ళీ పెట్టు బాబూ అంటే, కిట్ పాడైపోతుంది మేడమ్ అని సర్దుకున్నాడు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకుండా నిషేధం పెట్టాలని కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది. ఆర్వో మిషన్ వేస్ట్ పైపులోంచి పోయే నీళ్ళు ఒకసారి బకెట్ పెట్టి పడితే ఎందుకు చెప్పిందో మీకే అర్థమవుతుంది.

అయినా నాలుగు స్టార్లు ఎందుకంటే ట్యాంకర్ల కోసం. ఎండాకాలం ట్యాంకరతను "మంజీరా నీళ్ళే సార్" అని, అంటే నది నుంచి వచ్చేవే అని ఒట్టేస్తాడు, పిన్నులు ముంచితే బోరు నీళ్ళంత అంకె వస్తుంది, ఇక వాదన ఉండదు. బోరు తప్పదు కాబట్టి ఆర్వో పెట్టుకున్న వాళ్ళకైతే ఇది ఇంకా పనికొస్తుంది, లోపలికి వెళ్ళే నీళ్ళకీ బయటికొచ్చే నీళ్ళకీ తేడా నెలనెలా తగ్గుతూ వస్తోందంటే మెంబ్రేన్ (లోపల లవణాల్ని ఆపే పొర) పోతోందని సర్వీసు మనిషి చెప్పకముందే తెలుస్తుంది. వేడినీళ్ళలో ముంచకండి, వాడాక పిన్నులు తుడిచి మూత పెట్టండి.

సంపు కడిగించాకో, డ్రైనేజీ పైపు పగిలాకో అనుమానం వస్తే మాత్రం దీన్ని పక్కన పెట్టి హెచ్2ఎస్ సీసా (నీళ్ళలో మురుగు బ్యాక్టీరియా ఉందేమో చూసే చిన్న పరీక్ష సీసా) తెచ్చుకోండి. గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి వెచ్చగా ఒకచోట వదిలేస్తే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే మురుగు కలిసిందనే అనుమానించి, ఆ నీళ్ళు తాగడం ఆపి ల్యాబ్‌కి పంపాలి.