నూనెలో ముంచిన గేమింగ్ పీసీ: చాలాకాలం వాడాక చెప్తున్నా

గేమింగ్ పీసీని మినరల్ ఆయిల్‌లో (పెట్రోలియం నుంచి తీసే రంగులేని నూనె) ముంచి చాలాకాలంగా వాడుతున్నా, వీడియోలు చూసి మనమూ చేసేద్దాం అనుకునేవాళ్ల కోసం ఇది. చల్లదనం కోసమైతే దీని జోలికి రావద్దు, నిశ్శబ్దం కోసమైతే రండి.

నూనెలో కరెంటు పారదు కాబట్టి మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ నేరుగా ముంచేయొచ్చు. మామూలు హార్డ్ డిస్క్ మాత్రం వద్దు, దానికి గాలాడే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి నూనె పోతే ఇక అంతే. ఇదేం కొత్త ఆలోచన కూడా కాదు, 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో మునిగే నడిచింది. ఆ ద్రవమైతే బోర్డు పైకి తీయగానే ఆరిపోతుంది, మన నూనె ఆరదు, అసలు బాధలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు వేడి సంగతి. మొదటి అరగంట టెంపరేచర్లు చూసి ఎవరైనా ఆహా అంటారు, ఎందుకంటే అంత నూనె వేడెక్కడానికే టైం పడుతుంది. 30 లీటర్ల నూనె ఉండి పీసీ 400 వాట్లు లాగుతుంటే, వేడి బయటికి పోయే దారి లేకపోతే సుమారు రెండు నిమిషాలకో డిగ్రీ ఎక్కుతుంది, అంటే గంటకి 30 డిగ్రీల దాకా. ట్యాంకు గోడల నుంచి కొంత పోతుంది గానీ గేమింగ్‌కి అది చాలదు. పంపు పెట్టి నూనెని పెద్ద రేడియేటర్ గుండా తిప్పాల్సిందే, అసలు చల్లబరిచేది అదే, నూనె వేడిని అక్కడిదాకా మోస్తుందంతే. ఇంకోటి, గేమ్ ఆపేశాక కూడా నూనె గంటల తరబడి వేడిగానే ఉంటుంది, సాయంత్రం మళ్లీ కూర్చుంటే ఆ వేడి మీదే మొదలు.

నిశ్శబ్దం మాత్రం నిజంగా అద్భుతం. నూనెలో ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, చప్పుడే రాదు, బయట రేడియేటర్ ఫ్యాన్లు తక్కువ స్పీడులో పెట్టుకుంటే రాత్రిపూట హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడొచ్చు. దుమ్ము దులిపే పని కూడా పోయింది.

ఇక నూనె పాకడం, దీని గురించి వీడియోల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. కేబుల్ లోపల సన్న రాగి తీగల మధ్య నుంచి నూనె పైకి ఎక్కుతూనే ఉంటుంది, కీబోర్డు వైర్ నేరుగా బోర్డుకి పెడితే కొన్నాళ్లకి టేబుల్ మీద జిడ్డు చేరుతుంది. మూతకి పోర్టులు బిగించి, లోపలి కేబుల్ నూనె మట్టానికి పైన ఆ పోర్టు దగ్గరే ఆగిపోయి, బయటి వైర్ అక్కడి నుంచి విడిగా మొదలయ్యేలా పెట్టాకే నాకు ఇది అదుపులోకొచ్చింది. నూనెలో ఉన్న ప్లాస్టిక్ వైర్లు రానురాను గట్టిపడ్డాయి, వంచితే భయమేస్తుంది. ర్యామ్ మార్చడం లాంటి చిన్న పనికి కూడా చేతులు, టేబుల్, గుడ్డలు అన్నీ నూనెమయం, వారంటీ మీద ఆశ పెట్టుకోకండి, ఆ పార్టులు మళ్లీ అమ్మడం కూడా కష్టమే.

తరచూ పార్టులు మార్చేవాళ్లకి ఇది అస్సలు నప్పదు. ఒకసారి బిగించి ఏళ్లపాటు అలాగే ఆడుకునేవాళ్లు, చప్పుడంటే పడనివాళ్లు అయితే చేసుకోవచ్చు. కేవలం డిగ్రీలు తగ్గాలంటే ముందు గ్రాఫిక్స్ కార్డు ఓల్టేజీ కొంచెం తగ్గించి చూడండి, రూపాయి ఖర్చు లేదు. నూనెలో ఉన్న నా కార్డుకీ అదే చేశా, ట్యాంకు వేడెక్కడం బాగా నెమ్మదించింది.