రాయగడ వైపు చిన్న కాలేజీలో ప్రకృతి వనరుల చదువు: కొన్నేళ్ల తరువాత ఒక సమీక్ష

వృక్షశాస్త్రం ఆనర్సులో ప్రకృతి వనరుల నిర్వహణను ఐచ్ఛికంగా తీసుకుని, ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక చిన్న కళాశాలలో నేను డిగ్రీ చేశాను. సిలబస్, సెమిస్టర్లు, ఫీజుల వివరాలు ప్రవేశాల పుస్తకంలోనే దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. ఆ చదువులో నాకు నేటికీ అక్కరకు వస్తున్నది, తలచుకుంటే సంతోషం కలిగించేది ఒక్కటే: కళాశాల వెనుక గుట్ట మీద ఉన్న శాశ్వత ప్లాటు.

చూడడానికి అందులో విశేషమేమీ కనిపించదు. పొడవూ వెడల్పూ 31.6 మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతు. నాలుగు మూలలా పాతిన రాళ్లు, లోపల గుగ్గిలం, నల్లమద్ది, ఇప్ప, తునికి, సార, అక్కడక్కడ కరక. చేతికి నిండుగా అందేంత లావున్న ప్రతి చెట్టుకూ ఒక నంబరు ఉంటుంది. నైరుతి మూల రాయి నుంచి అటూ ఇటూ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున దాని చుట్టుకొలత ఎంతో రిజిస్టరులో రాసి ఉంటుంది. వానలు వెనుకపట్టాక ప్రతి ఏడూ కొత్త బ్యాచి వెళ్లి అవే చెట్లను మళ్లీ కొలుస్తుంది. చుట్టుకొలత నుంచి కలప పరిమాణం, దాని నుంచి ఎండు బరువు, ఆ బరువులో సుమారు 47 శాతం కర్బనం అని లెక్క కట్టే పద్ధతి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఏటవాలులో ఉన్న చెట్టును ఎగువ పక్కన నిలబడి కొలవాలని, కాండానికి చుట్టుకున్న అడ్డాకు తీగను పైకెత్తి దాని కిందుగా టేపు పోనివ్వాలని, టేపు ఎక్కడా మెలిక పడలేదని వెనుక వైపుకు వెళ్లి చూసుకోవాలని మాత్రం అక్కడే నేర్చుకున్నాం. తరగతిలో పదిమందిమే కనుక ప్రతి ఒక్కరి చేతికీ టేపు వచ్చేది. పెద్ద ఊళ్లలో చదివిన మిత్రులు తమ ప్రాక్టికల్స్‌లో పరికరాన్ని దూరం నుంచి చూసి వచ్చామని చెబితే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా రెండో సంవత్సరం వేసవి మొదట్లో ఆ ప్లాటుకు నిప్పు అంటుకుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్ల కింద ఎండుటాకు దట్టంగా ఉంటే పువ్వు కనబడదు కనుక, ఏరుకునేవాళ్లు ముందుగా ఆకును కాలుస్తారు. ఆ మంట ఒక్కోసారి చెట్టు నీడ దాటి గుట్టంతా పాకుతుంది. అది మోకాటి ఎత్తు మంటే. లేత మొక్కలను తినేసి, పెద్ద చెట్ల మొదళ్లను నల్లబరిచి, తన దారిన తాను పోయింది. కాని మేము తెల్లరంగుతో వేసిన నంబర్లు మసిలో కలిసిపోయాయి. సన్న కాండాలకు తీగతో కట్టిన అల్యూమినియం బిళ్లలు బూడిదలో పడి ఉన్నాయి, ఏది ఏ మొక్కదో చెప్పడానికి లేదు. మాస్టారు ఆ వారపు ఉపగ్రహ హెచ్చరికల పటం తెరిచి చూపిస్తే మా గుట్ట మీద ఒక్క ఎర్రచుక్క కూడా లేదు. మంటలను పసిగట్టే ఆ ఉపగ్రహాల చూపు మెరుగైనదైనా పటంలో ఒక్కో గడి నేల మీద 375 మీటర్ల పొడవు. కొమ్మల నీడలో నెమ్మదిగా పాకే ఇలాంటి నేలమంటలు దానికి తరచు చిక్కవు.

మూలరాళ్లు అలాగే ఉన్నాయి కాబట్టి, దూరాలు కొలుచుకుంటూ పెద్ద చెట్లను ఒకటొకటిగా పోల్చుకోగలిగాం. చిక్కంతా రెండు చోట్ల వచ్చింది. మొదటిది, కొన్ని చెట్ల బెరడు కాలి పెచ్చులుగా ఊడిపోవడంతో చుట్టుకొలత కిందటి ఏటి కంటే తగ్గింది. రిజిస్టరులో చెట్టు కుంచించుకుపోయినట్టు రాయడం బాగుండదని, పాత అంకెనే ఉంచుదామని మాలో కొందరు అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. “తగ్గింది బెరడు, కలప కాదు. వచ్చిన అంకె రాయండి, పక్కన కారణం రాయండి,” అన్నారు. నేను ఆ తరువాత చూసిన ఎన్నో సర్వే పట్టికల్లో ఒక్క అంకె కూడా తగ్గకుండా అన్నీ చక్కగా పెరుగుతూ పోతుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఆ గుణం అక్కడ అబ్బినదే.

రెండోది, దగ్గర దగ్గరగా మొలిచిన చెట్ల మధ్య కొన్ని నంబర్లకు చెట్లే దొరకలేదు. అవి కాలిపోయాయని రాసి ముగించబోతుండగా, పువ్వు ఏరుకోవడానికి వచ్చిన ఒక సవర పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. ఇప్పచెట్లకు పట్టాలు లేకపోయినా ఏ చెట్టు కింద ఎవరు ఏరుకోవాలో ఊరికి తెలుసు. మా తరగతిలోని సవర అబ్బాయి మాట కలపగా, ఇది మా మామగారి చెట్టు, అది తోడికోడలిది అంటూ ఆవిడ మసి పట్టిన ఇప్పలన్నిటినీ వరుసగా చూపించింది. మా రిజిస్టరులోని దూరాలతో సరిచూస్తే ఒక్కటీ తప్పలేదు. చివరికి మేము కాలిపోయిందని రాసిన నల్లమద్ది చోట నిలబడి, “అది కాలలేదు బాబూ, సంక్రాంతికి ముందే కొట్టేశాం, మా అల్లుడి ఇంటికి దూలం కావలసి వచ్చింది,” అని ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. మొద్దు మీదుగా మంట పోవడంతో గొడ్డలి గుర్తు మాసిపోయింది, అంతే. మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఆ గడిలో ‘అగ్ని’ అన్న మాట కొట్టేసి ‘గృహావసరం’ అని రాశారు. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఆవిడను అడిగితే మరి రెండు తేలాయి. ఆవిడ రాకపోతే ఆ మూడు చెట్లూ మంట ఖాతాలో పడి, అడవికి నిప్పే ప్రధాన శత్రువని మా ప్రాజెక్టు నివేదిక ధీమాగా తేల్చి ఉండేది.

2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని, నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకంపై గ్రామసభలను అడగాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, ఆ తరువాత రాయగడలో 7, కలహండిలో 5 గ్రామసభలు ఆ తవ్వకాన్ని తోసిపుచ్చిన సంగతిని అప్పటికే చదివి పరీక్ష కూడా రాసి ఉన్నాను. అది మా జిల్లా విషయమే అయినా అప్పటివరకు నాకు అయిదు మార్కుల ప్రశ్నగానే ఉండేది. అడవి సంగతి తేల్చేటప్పుడు గ్రామసభను ఎందుకు అడగాలో ఆ నల్లమద్ది దగ్గర అర్థమైనంతగా తరగతిలో అర్థం కాలేదు.

ఇప్పుడు నేను చేస్తున్న సర్వే పనిలోనూ ఆ ప్లాటే ఉపయోగపడుతోంది. ఒక హెక్టారుకు తగ్గకుండా, కొమ్మల కప్పు నేలలో పది శాతమో అంతకు మించో ఉన్న చెట్ల నేలనంతా, యజమాని ఎవరైనా, జాతి ఏదైనా, భారత అటవీ సర్వేక్షణ సంస్థ అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది. ఆ లెక్కలో మా వైపు జీడితోటలు కూడా పచ్చగానే కనిపిస్తాయి. పటంలో పచ్చగా ఉన్నదాన్ని కాలినడకన పోయి చూసి రావాలన్న పట్టుదల నాకు వేరే ఎక్కడా అలవడి ఉండేది కాదు.

ఇక చిన్న తరగతి గురించి పైన చెప్పిన మాటకు కొంత చేర్పు అవసరం. పదిమందిమే ఉండడానికి కారణం మిగిలినవాళ్లు బరంపురానికో భువనేశ్వరానికో వెళ్లిపోవడం. మూడు పేపర్లు ఒక్క మాస్టారే చెప్పేవారు. ఆయన సెలవు పెడితే ఆ రోజంతా సెలవే. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ గది తాళం మా కాలంలో తీసిన రోజులు తక్కువ. ఆ పని నేను ఉద్యోగంలో చేరాక, చిన్నవాళ్లను అడిగి నేర్చుకోవలసి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్లాటు కళాశాల ఏర్పాటు కాదు, ఆ మాస్టారి పట్టుదల. ఆయన రిటైరయ్యాక గెస్టు అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారనీ, ఒక ఏడు కొలతలే జరగలేదనీ విన్నాను. ఏటేటా కొలిస్తేనే అది శాశ్వత ప్లాటు, లేకపోతే నాలుగు రాళ్లున్న గుట్ట.

ఉద్యోగం దృష్టితో అడిగేవారికి ఒక జాగ్రత్త. భారత అటవీ సర్వీసు పరీక్షకు పర్యావరణ శాస్త్రం ఒక్కటే ఉన్న డిగ్రీ చాలదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, పశువైద్యం వంటి వాటిలో ఒక్కటైనా ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీ విద్య, ఇంజనీరింగ్ పట్టా కావాలి. నేను వృక్షశాస్త్రం ఆనర్సులో ఉండి వనరుల పేపరు తీసుకున్నాను కనుక ఆ దారి మూసుకుపోలేదు. పేరు ఆకర్షణగా ఉందని కేవలం పర్యావరణ డిగ్రీలో చేరేవారు ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది.

మా ఇల్లు కళాశాలకు సైకిలు దూరం, హాస్టలు ఖర్చు లేదు, ఇంట్లో తెలుగు, బయట ఒడియా రెండూ చిన్నప్పటి నుంచి వచ్చినవే. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి గది అద్దెకు తీసుకుని వచ్చేవారికి, పాఠమంతా ఒడియాలో వినవలసినవారికి ఇక్కడ చేరమని గట్టిగా చెప్పలేను. మా చెల్లెలు ప్లస్ టూ సైన్సు పూర్తి చేసింది; ఆమెను ఇక్కడే చేర్చమని నాన్నగారికి చెప్పాను, అయితే గణాంకశాస్త్రం, కంప్యూటరు బయట నేర్పించే ఒప్పందం మీద.