వెలుతురు తక్కువ, గాలి పొడి: ఇలాంటి గదిలో ఏళ్ల తరబడి నిలిచిన మొక్కలు ఇవే

ముందే చెప్పేస్తాను, ఇలాంటి గదికి నా ఓటు జెడ్‌జెడ్ ప్లాంట్‌కే. దాని తర్వాత ఆస్పిడిస్ట్రా. స్నేక్ ప్లాంట్ మూడోది, అదీ ఒక షరతు మీద. మనీ ప్లాంట్ పర్వాలేదు, పీస్ లిలీ ఓపిక ఉన్నవాళ్లకి, కలాతియా మాత్రం వద్దంటే వద్దు. ఇవన్నీ ఒకే గదిలో ఏళ్లుగా పెంచి చూశాక చెబుతున్న మాటలు. కొన్న కొత్తలో రాసే సమీక్షలకి మొక్కల విషయంలో విలువ లేదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే నర్సరీలో మంచి వెలుతురులో పెరిగిన మొక్క తనలో దాచుకున్న పిండిపదార్థం మీదే కొన్ని నెలలు నెట్టుకొస్తుంది. ఆ నిల్వ అయిపోయాకే అసలు సంగతి బయటపడుతుంది.

గదికి ఒకటే కిటికీ, ఎదురుగా గోడ. సూటిగా ఎండ ఏ నెలలోనూ పడదు. ఏసీయో హీటరో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది కాబట్టి గాలిలో తేమ చాలా రోజులు 30 శాతం దగ్గరే ఆడుతుంది. ఇళ్లలో పెంచే ఆకుల మొక్కల్లో చాలావరకు వాన ఎక్కువ పడే అడవుల నుంచి వచ్చినవి, వాటికి 50 శాతం పైన ఉంటేనే హాయి.

వెలుతురు దగ్గర మన కంటిని నమ్మకండి. కన్ను మసకకి ఇట్టే అలవాటు పడిపోతుంది, మొక్కకి ఆ వీలు లేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది, కిటికీ పక్కన అది వేలల్లోకి పడిపోతుంది, ఓ రెండు మీటర్లు లోపలికి జరిగితే కొన్ని వందలే మిగులుతాయి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, మధ్యాహ్నం పూట ఫోన్‌ని ఆకు ఉండే ఎత్తులో పట్టుకుని చూడండి. ఆ అంకె అంత కచ్చితం కాకపోయినా ఏ మూల మేలో తేల్చుకోవడానికి సరిపోతుంది. పగలు కూడా వంద లక్స్ దాటని మూలలో ఏ మొక్కా పెరగదు, మెల్లగా ఖర్చయిపోతుంది అంతే.

ఇక జెడ్‌జెడ్. ఇది తూర్పు ఆఫ్రికాది, కెన్యా నుంచి దక్షిణాఫ్రికా ఈశాన్య భాగం దాకా పెరుగుతుంది, నెదర్లాండ్స్ నర్సరీలు 1996 ప్రాంతంలో పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టాకే ఇళ్లలోకి వచ్చింది. కుండీ లోంచి తీసి మట్టి దులిపితే బంగాళాదుంపల్లాంటి దుంపలు కనిపిస్తాయి, నీళ్లన్నీ వాటిలో, లావుపాటి కాడల్లో దాచుకుంటుంది. అందుకే దానికి పొడి గాలి ఒక లెక్క కాదు. ఆకుల మీద మైనం పూసినట్టు ఆ మెరుపు ఊరికే లేదు, నీరు ఆవిరైపోకుండా అడ్డుకునేది అదే. కొత్త మొలక రావడం చూడటం నాకు ఎప్పటికీ విసుగనిపించదు: మట్టిలోంచి లేత ఆకుపచ్చ మొన ఒకటి బయటికి వస్తుంది, కొద్ది రోజులు ఆకులన్నీ ముడుచుకునే పైకి లేస్తుంది, తర్వాత కింద నుంచి ఒక్కో జత విచ్చుకుంటూ పోతుంది, ముదురు రంగు వచ్చేసరికి వారాలు పడుతుంది. మసక గదిలో ఏడాదికి ఇలాంటివి రెండో మూడో వస్తే బాగా పెరుగుతున్నట్టే. దుంపలు లావెక్కి ప్లాస్టిక్ కుండీ పక్కలు ఉబ్బితే కుండీ మార్చే సమయం వచ్చిందన్నమాట. రాలిన ఆకుని మట్టిలో గుచ్చితే దాని అడుగున చిన్న దుంప కడుతుంది గానీ, అది మొలక వేయడానికి నెలలు పడుతుంది, తొందరపడి పీకి చూడకండి.

ఆస్పిడిస్ట్రా అన్నిచోట్లా దొరకదు, దొరికితే వదలకండి. జపాన్ దక్షిణ దీవుల మొక్క ఇది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో గ్యాస్ దీపాల పొగ, బొగ్గు మసి, మసక వెలుతురు ఉన్న ముందుగదుల్లో మిగతా మొక్కలు చచ్చిపోతే ఇది నిలబడింది, అందుకే కాస్ట్ ఐరన్ ప్లాంట్ అన్న పేరు స్థిరపడింది. పొడవైన ఒక్కో ఆకు నేరుగా మట్టిలోంచి చుట్టుకుని వస్తుంది. చాలా నెమ్మది, అదొక్కటే దీనితో పేచీ. చిన్న కుండీ కొని పెద్దదవుతుందని ఎదురుచూడటం కంటే మీకు కావలసిన సైజులోనే కొనడం నయం. కుండీని చీటికీ మాటికీ మార్చితే దీనికి నచ్చదు.

స్నేక్ ప్లాంట్‌ని మసక గదులకి రారాజు అంటుంటారు, నేను అంత దూరం వెళ్లను. పొడి గాలికి మాత్రం దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఆకు మీది రంధ్రాలను ఇది ముఖ్యంగా రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది, నీటి నష్టం బాగా తక్కువ. కానీ వెలుతురు చాలకపోతే కొత్త ఆకులు సన్నగా, పొడుగ్గా సాగి పక్కకి వాలిపోతాయి. నా షరతు ఇది: కిటికీకి దగ్గర్లో పెట్టగలిగితేనే కొనండి, నీళ్లు మట్టి అడుగుదాకా ఆరాకే పోయండి. మొదలు మెత్తబడి, ఆకు పట్టుకుంటే ఊడి చేతికి వచ్చి, దుర్వాసన కొట్టిందంటే అక్కడ వేరు కుళ్లు మొదలైనట్టే. పాత లేబుళ్ల మీద సాన్సెవీరియా అనీ కొత్తవాటి మీద డ్రసీనా అనీ ఉంటుంది, రెండూ ఒకే మొక్క, కంగారు పడకండి.

మనీ ప్లాంట్ చావదు, కానీ అందం తగ్గుతుంది. ఆకుకీ ఆకుకీ మధ్య కాడ సాగిపోతుంది, ఆకులు చిన్నబోతాయి, పసుపు చారలు పోయి మొత్తం ఆకుపచ్చగా తిరుగుతుంది. సాగిన తీగల్ని కణుపు కింద కత్తిరించి నీళ్లలో వేళ్లు వచ్చాక మళ్లీ అదే కుండీలో గుచ్చుతూ ఉంటే గుబురుగా ఉంటుంది. చారల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఇలాంటి గదికి దండగ.

పీస్ లిలీ నీళ్లు తగ్గగానే మొత్తం వాలిపోతుంది, పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. ఆకు కొనలు మాత్రం పొడి గాలికి ఎప్పుడూ మాడుతూనే ఉంటాయి, మసకలో పూలు దాదాపు రావు. గాలిని శుభ్రం చేస్తుందని కొనేవాళ్లకి ఒక మాట. ఆ ప్రచారమంతా 1989లో నాసా చిన్న మూసిన గదుల్లో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్క ప్రకారం మామూలు ఇంట్లో ఆ ప్రభావం కనిపించాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలి. కిటికీ తీస్తే చాలు కదా!

కలాతియా, మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ గురించి ఎక్కువ చెప్పను. అంచులు గోధుమరంగుకి తిరిగి చుట్టుకుపోతాయి, తర్వాత కలాతియాకి ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే కంటికి సరిగా ఆనని పురుగు, పడుతుంది. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ నిలిచేది కాసేపే. కుండీ కింద గులకరాళ్లు, నీళ్లు పోసి పెట్టే ట్రే కూడా పెద్దగా ఒరగబెట్టదు. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ రోజంతా నడిపే ఉద్దేశం ఉంటేనే వీటి జోలికి వెళ్లండి.

నన్ను అడిగితే ఇలాంటి గదిలో మొక్కని చంపేది పొడి గాలి కాదు, నీళ్లు. గాలి పొడిగా ఉంది కదా అని చేయి ఊరికే మగ్గు మీదికి పోతుంది, కానీ వెలుతురు తక్కువైతే మొక్క తాగేదే తక్కువ, పైన ఆరినట్టు కనిపించే మట్టి లోపల రోజుల తరబడి తడిగానే ఉంటుంది. మట్టి మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతున్నాయంటే అదే గుర్తు. కుండీని చేత్తో ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, తేలిగ్గా ఉంటేనే నీళ్లు. అడుగున కంకర వేస్తే నీరు బాగా దిగుతుందన్నది నిజం కాదు, తడి నిలిచే పొర వేళ్లకి ఇంకా దగ్గరికి జరుగుతుంది. కంకర బదులు మట్టిలోనే పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) బాగా కలపండి, కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి.

పొడి గాలి చేసే అసలు చెరుపు ఎర్రనల్లి. ఆకు మీద సూది గుచ్చినట్టు లేత చుక్కలు, ఆకు కింద సాలెగూడు లాంటి సన్నటి దారాలు. వారానికోసారి తడి గుడ్డతో ఆకుని రెండు వైపులా తుడిస్తే అది నిలదొక్కుకోలేదు, పైగా దుమ్ము పోయి ఉన్న కాస్త వెలుతురు ఆకుకి అందుతుంది.

గదిలో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది మాత్రం కొత్త మొక్క కాదు, మొక్కల పైన ఓ అడుగు ఎత్తులో బిగించిన మామూలు తెల్ల ఎల్‌ఈడీ దీపం. టైమర్ పెట్టి రోజుకి 12 గంటలు వెలిగిస్తే స్నేక్ ప్లాంట్ కొత్త ఆకులు మళ్లీ నిటారుగా వస్తున్నాయి. ఖరీదైన ఊదా రంగు దీపాలు అక్కర్లేదు.

ఇంట్లో పిల్లులో కుక్కలో ఉంటే మాత్రం నా వరస మారుతుంది. జెడ్‌జెడ్, మనీ ప్లాంట్, పీస్ లిలీ మూడింటిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి చొంగ కారుతుంది. స్నేక్ ప్లాంట్ కూడా వాటికి పడదు. ఆస్పిడిస్ట్రా వాటికి విషం కాదు, అలాంటి ఇంటికి మొదటి మొక్కగా అదే తీసుకోండి.