పాత పెంకుటిల్లు: కూల్చి స్లాబు వేద్దామా, బాగుచేసి వెనక పెంచుదామా?

వరంగల్ మట్వాడ నుంచి మంథని దాకా పాత వీధుల్లో కర్ర మీద నిలబడ్డ ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. మట్టి గోడలు, టేకు దూలాలు, నడుమ ఆకాశం కనిపించే భవంతి, పైన గూనపెంక. ఆ ఇళ్లలో ఉండేవాళ్లకు ఎండాకాలం వస్తే ఒకటే చర్చ. అర్రలు చాలట్లేదు, కొడుకు పెళ్లికి ఉన్నాడు, కోతులు పెంకను ఉండనివ్వట్లేదు. అంతా కూల్చి స్లాబు వేద్దామా? ఉన్నది బాగుచేసి వెనక దొడ్లో రెండు అర్రలు కలుపుకుందామా? లేక పెంక దించి రేకులు కప్పేద్దామా? మేస్త్రీని అడిగితే కూల్చమంటాడు, వడ్రంగిని అడిగితే ఉంచమంటాడు. ఎవరి పని వాళ్లకు ముద్దు.

నా మాట ముందే చెప్తాను. గోడ అడుగు గట్టిగా ఉంటే ముందు ఇల్లు ఉంచుకుని, వెనక విడిగా స్లాబు వేసుకోవడం మేలు. గోడ అడుగు పోయి ఉంటే పైన ఎంత మంచి టేకు ఉన్నా విప్పక తప్పదు. జనం మాత్రం తలెత్తి దూలాలను చూస్తారు, వంగి గోడల మొదళ్లను చూడరు.

కర్ర అంత తొందరగా పోదు. టేకు చేవ, అంటే లోపలి గట్టి కర్ర అయితే చెద కూడా దాని జోలికి అంతగా రాదు. పుచ్చేది పైనున్న తెల్లచెక్క, ఇంకా దూలం గోడలోకి దూరిన చోటు. పెంక కారిన నీళ్లు గోడలోకి దిగి, గాలి ఆడని ఆ జానెడు జాగాలో కూర్చుంటాయి. హన్మకొండలో మా మేనమామ ఇంట్లో సాయబాను (వసారా) దూలం ఇలాగే. కింది నుంచి చూస్తే నున్నగా, నల్లగా, నిన్న దింపినట్టే ఉంది. గోడ పక్కన కాస్త మట్టి గీకి స్క్రూడ్రైవర్ పెడితే నాలుగు వేళ్ల లోతు దిగింది. ఒక అడుగు ఇవతల పెడితే మొన కూడా దిగలేదు. "అల్లుడా, దూలం పోయినట్టేనా?" అని మామ టెన్షన్ పడుతుంటే, వడ్రంగి తాత సుత్తితో రెండు దెబ్బలు కొట్టి విని, "జానెడు పోయింది పటేలా, మిగతాది ఇనుమే" అన్నాడు. గోడకు అడుగు ఇవతల, రాతి దిమ్మ మీద ఒక టేకు స్తంభం నిలబెట్టి దూలాన్ని దాని మీదికి తీసుకున్నారు. దూలం మార్చాల్సిన పనే లేకపోయింది.

ఇట్లా ప్రతి దూలాన్నీ రెండు చివర్లా పొడిచి చూడాలి. వాసాల మొదళ్లు కూడా, ముఖ్యంగా చూరు దగ్గర. గోడ మీద మట్టి గీతలు పాకి ఉంటే అది చెద, నేలలో నుంచి వస్తుంది, మందు పునాది చుట్టూ మట్టిలో పోయాలి. కర్ర కింద పిండిలాంటి పొడి రాలుతుంటే అది పురుగు, కర్రలోనే ఉంటుంది, దానికి మందు కర్రకే పట్టించాలి. రెండింటికీ ఒకే డబ్బా మందు కొట్టి పోయేవాళ్లతో జాగ్రత్త. ఇంకొకటి: పాత కలప కొనడానికి వచ్చేవాడు "అంతా పుచ్చిపోయింది సార్" అనే మొదలుపెడతాడు. పన్నెండడుగుల పొడవు, తొమ్మిది అంగుళాలు, ఆరు అంగుళాల దూలం అంటే 4.5 సీఎఫ్టీ (ఘనపుటడుగులు), సుమారు 80 కిలోల టేకు. ఇంట్లో అలాంటివి ఎన్నున్నాయో లెక్క రాసుకోకుండా బేరానికి కూర్చోవద్దు. అమ్మినా, కొన్నా కలప ఊరు దాటే ముందు అటవీ శాఖ దగ్గర అడిగి కాగితం తీసుకోవాలి.

గోడ సంగతి. మట్టి గోడకు శత్రువు వాన కాదు, నిలిచిన నీరు. దాని తర్వాతి శత్రువు సిమెంటు. అందంగా ఉంటుందని బయట సిమెంటు ప్లాస్టరు చేయిస్తారు. నేల నుంచి ఎగబాకిన తడి బయటికి పోయే దారి మూసుకుని లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్లకు ప్లాస్టరు పొక్కి పలకలు పలకలుగా ఊడుతుంది, వెనక మట్టి చేత్తో తీస్తే వస్తుంది. సున్నం పూత అయితే గోడ ఊపిరి తీసుకుంటుంది. వాగు పక్కన, పల్లంలో ఉన్న ఇంటిని మాత్రం నిలబెట్టమని నేను చెప్పను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 65 సెంటీమీటర్ల దాకా వాన పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి నీళ్లలో మట్టి గోడ నానితే పైన ఏ కర్ర ఉన్నా ఒక్కటే.

ఇక స్లాబు. దాన్ని తక్కువ చేయడం తప్పు. కోతుల బాధ ఉండదు, ఏటా పెంక సర్దించే పని ఉండదు, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు, కిరాయికి ఇవ్వొచ్చు. బ్యాంకు లోను కూడా తేలిగ్గా దొరుకుతుంది. కానీ కూల్చాక రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి స్థలం. పాత ఇల్లు హద్దు దాకా, పక్కింటి గోడ ఆనుకుని కట్టుకున్నది. కొత్త ఇంటికి పట్టణంలో అనుమతి తీసుకుంటే 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168, దాని తర్వాతి సవరణల ప్రకారం స్థలం సైజును, రోడ్డు వెడల్పును బట్టి ఇంటి చుట్టూ ఖాళీ జాగా, అంటే సెట్‌బ్యాక్ వదలాలి. రోడ్డు విస్తరణ ఉంటే ముందు భాగం అటే పోతుంది. సన్నటి వీధిలో చిన్న జాగా ఉన్నవాళ్లు కూల్చకముందే ఒక ప్లాను గీయించి చూసుకోవాలి. ఉన్నదానికన్నా తక్కువ ఇల్లు వస్తుందని తేలి వెనక్కి తగ్గినవాళ్లు ఉన్నారు. రెండోది ఎండ. మన దగ్గర మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి మన మీదికే వదులుతుంది. పెంక కింద అటక ఉన్న అర్రలో అదే రాత్రి ఫ్యాను చాలు.

అసలు భయపడాల్సింది అడ్డదారికి. పెంక దించేసి, ఉన్న మట్టి గోడల మీదే స్లాబు పోయడం. ఖర్చు తగ్గుతుందని కొందరు మేస్త్రీలే చెప్తారు. ఐదంగుళాల స్లాబు చదరపు అడుగుకు దాదాపు 30 కిలోలు. బెంగళూరు పెంక (మిషను మీద చేసే చదునైన పెంక), కర్రతో కలిపినా ఐదారు కిలోలే. పన్నెండు బై పదిహేను అర్ర మీద పెంక ఒక టన్ను దాకా, స్లాబు ఐదు టన్నుల మీద. తాతల నాటి మట్టి గోడ మోయడానికి కట్టింది ఆ ఒక్క టన్నునే. స్లాబే కావాలంటే పిల్లర్లు, వాటికి పునాదులు విడిగా తీయాలి, ఆ లెక్క ఇంజినీరు చేయాలి. అప్పుడు అది మరమ్మతు కాదు, కొత్త ఇల్లే.

రేకుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చౌక, రెండు రోజుల పని, కోతులు ఏం చేయలేవు. ఎండకు కొలిమి, వానకు మాట వినిపించదు. గొడ్ల కొట్టానికి, వంటచెరుకు పెట్టుకోవడానికి సరే.

బాగుచేయించడమే అనుకుంటే ముందు పెంక సంగతి తేల్చుకోవాలి. గూనపెంక చేసే కుమ్మర్లు, కప్పడం తెలిసిన మనుషులు దొరకడం కష్టమైపోయింది, పైగా కోతి ఒక్క గెంతు వేస్తే పది పెంకలు జరుగుతాయి. బెంగళూరు పెంకకు మారడం మంచిది. ఒకదానికొకటి పట్టుకుని కూర్చుంటుంది, రీపర్లకు (పెంక కింది సన్న కర్రలకు) తీగతో కట్టొచ్చు, కోతులు మరీ ఎక్కువైతే పైన ఇనుప జాలీ పరుచుకోవచ్చు. వాసాలు విప్పేటప్పుడు ప్రతి కర్రకూ రంగుతో నంబరు వేయించండి, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. విప్పడం తేలిక, మళ్లీ పేర్చడమే కష్టం. మన వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పాక మళ్లీ 2024 మార్చిలో తెరుచుకునేసరికి 17 ఏళ్లు దాటింది. మన ఇల్లు అంత పెద్దది కాదు గానీ, ఏ వాసం ఎక్కడిదో తెలియక వడ్రంగి రెండు రోజులు తల గోక్కుంటే ఆ కూలీ మనదే.

పెంచే భాగాన్ని మాత్రం పాత ఇంటికి అంటించవద్దు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పాత గోడ ఎప్పుడో సర్దుకుని కూర్చుంది, కొత్త పునాది ఇంకా సర్దుకోవాలి. రెండింటినీ కలిపి కడితే అతుకు దగ్గర పగులు ఖాయం. అంతకన్నా పెద్ద తంటా పైన ఉంటుంది. పెంక జారుడు వచ్చి స్లాబు గోడకు తగిలే చోట నీళ్లన్నీ ఒక మూలకు చేరతాయి. అక్కడ ఎంత తారు పూసినా, ఎంత రేకు మడిచినా మూడో వానాకాలానికి కారుతుంది, ఆ నీళ్లు మళ్లీ దూలం చివరికే దిగుతాయి. అందుకే దొడ్డిలో జాగా ఉంటే నడుమ నాలుగడుగులు ఖాళీ వదలండి. పెంక నీళ్లు ఆ సందులో పడి కాలువలోకి పోతాయి, వెలుతురు వస్తుంది, నడవడానికి చిన్న పందిరి వేసుకుంటే చాలు. జాగా లేకపోతే కనీసం అంగుళం సందు పెట్టి థర్మోకోల్ నింపి, పైన రేకుతో మూయించండి. స్లాబును చూరు కన్నా కిందికి ఉంచితే నీళ్లు దాని మీద పడి గొట్టాల గుండా పోతాయి.

నీళ్ల పనులన్నీ కొత్త భాగంలోనే. బాత్రూం, వంటింటి సింకు, వాషింగ్ మెషిన్, పైన ట్యాంకు. మట్టి గోడలో పైపు పెట్టించవద్దు. కరెంటు వైర్లు మాత్రం పాత భాగంలో పూర్తిగా మార్చాల్సిందే, కర్ర పక్కన పాత వైరు ఉంచుకోవడం మంచిది కాదు. వెనక కట్టే రెండర్రలకూ అనుమతి కావాలి, మర్చిపోవద్దు.

అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని ఇంట్లో అయితే పెంక సర్దించి, కారే చోట్లు ఆపి, గోడల చుట్టూ నీళ్లు నిలవకుండా మట్టి వాలుగా పోయించి ఊరుకోవడం తెలివైన పని. కాగితాలు తేలాక మిగతాది. పంపకాలైపోయిన ఇంట్లో పాత ఇంటి పైకప్పు పని సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి మిరుగు (మృగశిర కార్తె) రాకముందే ముగించాలి. స్లాబుకు అంత తొందర లేదు, దసరా తర్వాత వేసుకున్నా నడుస్తుంది.