విశాఖ యాత్ర: మురుగు, చెత్త, ధూళి కోణంలో

విశాఖ వచ్చేవారు ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ చూసుకుని వెళ్లిపోతారు. కానీ నగరం వదిలే మురుగు, చెత్త ఎక్కడికి చేరుతున్నాయో చూడనిదే ఇక్కడి సముద్రతీరం పూర్తిగా అర్థం కాదని నా నమ్మకం.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అప్పుఘర్ వద్ద ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం. ముందుగా అనుమతి తీసుకుని వెళితే సిబ్బంది ఓపికగా వివరించారు. జల్లెడ ఊచలకు షాంపూ ప్యాకెట్లు, గుడ్డ పేలికలు, కొబ్బరి పీచు చుట్టుకుని ఉన్నాయి. అవన్నీ మన ఇళ్లనుంచి గెడ్డల్లోకి, అంటే నగరం మధ్యగా పారే కాలువల్లోకి, వెళ్లినవే. ఆ తర్వాతి దశలో నీటిలోకి గాలిని ఊదుతారు. ఆ ప్రాణవాయువుతో పెరిగే సూక్ష్మజీవులు సేంద్రియ మలినాన్ని తిని, ముద్దలు కట్టి, నీరు నిలకడగా ఉన్నప్పుడు అడుగుకు దిగిపోతాయి. గాలి ఊదడం చాలాసేపు ఆగితే ఈ జీవులు నశిస్తాయి కనుక, ఎంత మంచి యంత్రాలున్నా కరెంటు నిలకడగా అందకపోతే శుద్ధి కుంటుపడుతుంది.

భీమిలి వైపున్న కాపులుప్పాడలో చెత్తనుంచి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటును బయటినుంచి మాత్రమే చూశాను. ఇటువంటి ప్లాంట్లలో చెత్త కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లనే విషపదార్థాలు నశించాలంటే పొగ 850 డిగ్రీల వేడిలో కనీసం రెండు సెకన్లు ఉండాలి. ఆపైన సున్నం, యాక్టివేటెడ్ కార్బన్, బ్యాగ్ ఫిల్టర్లు మిగతా విషాలను పట్టుకుంటాయి. తడి చెత్త కలిసి వస్తే మాత్రం వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అందుకే ఇంటి దగ్గర రెండు బుట్టలు పెట్టడం నా దృష్టిలో ఫిల్టరంత ముఖ్యం.

శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో పొందిన రుషికొండ బీచ్‌లో దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉండటంతో కుటుంబంతో వెళ్లేవారికి ఇబ్బంది ఉండదు.

బస విషయానికొస్తే, మొదట వన్‌టౌన్‌లో ఒక లాడ్జిలో దిగాను. అద్దె తక్కువ, స్టేషన్ దగ్గర. కానీ సాయంత్రం తుడిచిన కిటికీ గట్టు మీద తెల్లారేసరికి నల్లటి నుసి వేలికి అంటింది. దగ్గర్లోని ఓడరేవులో బొగ్గు కుప్పలపై నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, మూసిన కన్వేయర్లలో సరుకు తరలించడం వంటివి ఈ ధూళిని తగ్గించే మార్గాలే అయినా, గాలి ఉధృతంగా వీచినప్పుడు వాటికీ పరిమితి ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలతో వచ్చేవారు ఎంవీపీ కాలనీ వైపు గది తీసుకోవడం మేలు. నేను అక్కడికి మారిన గెస్ట్‌హౌస్‌లో ప్లాస్టిక్ సీసాలకు బదులు వరండాలో ఫిల్టర్ నీళ్లు పెట్టారు. అక్కడినుంచి అప్పుఘర్‌కు ఆటోలో ఎంతోసేపు పట్టదు.